గుండె ఆపరేషన్ తర్వాత దేశాన్ని నడిపిన మన మంథని ఎమ్మెల్యే



మీ ఇంటి పెద్దకు గుండె ఆపరేషన్ అయింది. లేదా చేయించాలని డాక్టరుగారు చెప్పారు. కరీంనగర్‌కో, వరంగల్‌కో, హైదరాబాదుకో తీసుకెళ్ళారు. అప్పో సప్పో చేశారు, ఆరోగ్యశ్రీ కాగితాలు పట్టుకుని తిరిగారు. చివరకు మనిషిని ఇంటికి తెచ్చుకున్నారు. ఛాతీ మధ్యలో నిలువుగా కుట్లు, కాలి మీద పొడుగాటి గాటు, సంచి నిండా మాత్రలు. ప్రాణం దక్కినందుకు అందరికీ సంతోషమే. కానీ రాత్రి అందరూ పడుకున్నాక మీ మనసులో ఒక ప్రశ్న మెదులుతూ ఉంటుంది.

"ఇక ఈయన పని అయిపోయినట్టేనా?"

చూడటానికి వచ్చిన చుట్టాలు ఆ ప్రశ్నను పైకే అనేస్తారు. "ఇగ బాపు ఏం పని చేస్తడు? మూలకు కూసోవుడే" అంటారు. ఆ మాట మంచంలో ఉన్న మనిషి చెవిన పడుతుంది. తర్వాత కొద్ది రోజులకే ఎడ్లను అమ్మడం, పొలం కౌలుకివ్వడం, దుకాణం తాళాలు కొడుకు చేతికి రావడం జరిగిపోతాయి. బిడ్డ పెళ్ళి మాటలు కూడా ఆయన లేని గదిలో మాట్లాడుకుంటారు. "ఆయనకెందుకు చెప్పడం, గుండె మనిషి కదా" అనుకుంటారు. అంతా ప్రేమతోనే చేస్తారు. కానీ ఆపరేషన్ తీసుకోని దాన్ని, అంటే ఆ మనిషి పెద్దరికాన్ని, ఇంట్లోవాళ్ళే తీసేసుకుంటారు.

గుండె ఆపరేషన్ అయిన మనిషి మళ్ళీ బాధ్యత మోయగలడా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం పోనక్కరలేదు. మన మంథని నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి జీవితంలోనే ఉంది.

పెట్టెలు సర్దుకున్న పెద్దమనిషి

పి.వి. నరసింహారావుగారు 1921 జూన్ 28న నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. దత్తత పోయి వంగరలో పెరిగారు. 1957, 1962, 1967, 1972 ఎన్నికల్లో మన మంథని నియోజకవర్గం నుంచి శాసనసభకు గెలిచారు. 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నారు. తర్వాత ఢిల్లీకి వెళ్ళి విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరుల శాఖలు చూశారు. మీ ఇంట్లో ముసలివాళ్ళను అడగండి, ఆయన ఎన్నికల ప్రచారాలు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉంటారు.

ఇంత పని చేసిన మనిషికి 1990లో గుండె జబ్బు ముదిరింది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నారు. అప్పటికి ఆయనకు 70 దగ్గరపడుతోంది. 1991 లోక్‌సభ ఎన్నికల్లో పోటీ కూడా చేయలేదు. ఢిల్లీలోని తన పుస్తకాలు సర్దుకుని హైదరాబాదుకు వచ్చేయాలనుకున్నారు. అంటే మీ ఇంట్లో ఈరోజు ఏమనుకుంటున్నారో ఆయన విషయంలోనూ అదే అనుకున్నారు. పెద్దాయన పని అయిపోయింది, ఇక విశ్రాంతి.

1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. నెల తిరిగేసరికి, జూన్ 21న, పి.వి. గారు భారత ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. మరో వారంలో ఆయనకు 70 ఏళ్ళు నిండాయి.

దక్షిణ భారతం నుంచి ప్రధాని అయిన మొదటి వ్యక్తి ఆయనే. ఛాతీలో కుట్లు పడిన మరుసటి ఏడే ఆ కుర్చీలో కూర్చున్నారు.

బైపాస్ అంటే అసలు ఏం చేస్తారు?

ముందుకు వెళ్ళేముందు ఈ ఆపరేషన్ గురించి కొంచెం తెలుసుకుందాం. తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

గుండె ఒంటికంతా రక్తం పంపుతుంది. కానీ గుండె కండరం బతకడానికి దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే సన్నని నాళాలు గుండె పైభాగాన తీగల్లా పాకి ఉంటాయి. వాటిని కరోనరీ ధమనులు అంటారు. బీడీ, సిగరెట్, షుగర్, బీ.పీ., ఎక్కువ కొలెస్టరాల్ వల్ల వీటి లోపలి గోడల మీద కొవ్వు పేరుకుంటుంది. పొలం కాల్వలో మట్టి మేట వేసినట్టు దారి ఇరుకవుతుంది. కొవ్వు మేట పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోతే గుండెపోటు వస్తుంది.

కాల్వ మధ్యలో పూడిపోతే రైతు ఏం చేస్తాడు? పూడిక పక్క నుంచి చిన్న కాల్వ తవ్వి నీళ్ళను అవతలికి మళ్ళిస్తాడు. బైపాస్ ఆపరేషన్ కూడా అంతే. కాలి నుంచి ఒక రక్తనాళం, లేదా ఛాతీ లోపలి గోడ నుంచి ఒక ధమని తీసుకుని అడ్డు ఉన్న చోటును దాటించి కుడతారు. రక్తం కొత్త దారిలో పోతుంది. ఎన్ని కొత్త దారులు వేస్తే అన్ని బైపాస్‌లు అంటారు. అందుకే కొందరికి రెండు, కొందరికి మూడు అని చెబుతారు.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. కొత్త కాల్వ తవ్వినంత మాత్రాన మట్టి రావడం ఆగదు. ఆపరేషన్ దారి మారుస్తుంది, జబ్బు స్వభావాన్ని మార్చదు. మాత్రలు, తిండి, నడక, పొగ మానడం లేకపోతే కొత్త దారులు కూడా పూడిపోతాయి.

ఆపరేషన్ కోసం ఛాతీ మధ్య ఎముకను నిలువుగా కోసి, పని అయ్యాక తీగలతో కలిపి కట్టేస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. పూర్తి బలం రావడానికి సుమారు 3 నెలలు కావాలి. జాగ్రత్తలన్నీ ఎక్కువగా ఈ ఎముక కోసమే.

బంగారం తాకట్టు పెట్టిన ఇల్లు

పి.వి. గారు బాధ్యత తీసుకున్న నాటికి దేశం పరిస్థితి అప్పుల్లో మునిగిన ఇంటిలా ఉంది. విదేశాల నుంచి పెట్రోలు, ఇతర సరుకులు కొనడానికి కావలసిన డాలర్లు కొద్ది వారాలకు సరిపడా మాత్రమే మిగిలాయి. 1991 జూలైలో సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టవలసి వచ్చింది. పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఆసుపత్రి బిల్లు కట్టిన ఇంటివాళ్ళకు ఆ బాధ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పార్లమెంటులో ఆయన ప్రభుత్వానికి పూర్తి మెజారిటీ కూడా లేదు.

ఇలాంటి సమయంలో గుండె జబ్బు మనిషి ఏం చేశారు?

మొదటిది, అంతా తన నెత్తిన వేసుకోలేదు. ఆర్థిక వ్యవహారాలు తెలిసిన డాక్టర్ మన్మోహన్ సింగ్‌ను పిలిచి ఆర్థికశాఖ అప్పగించారు. ఆ జూలై 24న మన్మోహన్ సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెట్టుతో దేశ ఆర్థిక వ్యవస్థ దారి మారింది. పని మరొకరికి అప్పగించినా, దానికి అండగా నిలబడే బాధ్యతను మాత్రం ప్రధాని తన దగ్గరే ఉంచుకున్నారు.

రెండోది, డాక్టరు పర్యవేక్షణలో ఉన్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని గుండె వైద్య నిపుణుడు డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి ఆయనను చూసేవారు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత జరిగిన రోజు తాను వెళ్ళి పరీక్షించినప్పుడు ప్రధాని గుండె వేగంగా కొట్టుకుంటోందని, బీ.పీ. పెరిగిందని, అందుకని గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రను అదనంగా ఇచ్చానని ఆ డాక్టరుగారే తర్వాత చెప్పారు.

ఈ సంఘటన నుంచి మీరు గ్రహించవలసింది ఒకటుంది. పెద్ద ఒత్తిడి ఎదురైనప్పుడు గుండె మీద దాని ప్రభావం నిజంగానే పడుతుంది. మనసు గట్టి చేసుకుంటే చాలదు. అలాంటి రోజున పరీక్ష కావాలి, అవసరమైతే మందు మార్చాలి. అది చేసేది డాక్టరు. మాత్ర ఎక్కువ వేయాలా, తక్కువ వేయాలా అన్నది ఇంట్లో మనం నిర్ణయించే విషయం కాదు.

పి.వి. గారు 1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. 1996 మే వరకు, పూర్తి అయిదేళ్ళు, ప్రభుత్వాన్ని నడిపారు. ఆయన రాసిన నవల 'ది ఇన్‌సైడర్' 1998లో, అంటే ఆపరేషన్ అయిన ఎనిమిదేళ్ళకు అచ్చయింది. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో మరణించారు. బైపాస్ తర్వాత 14 ఏళ్ళు జీవించారు. ఆ 14 ఏళ్ళలో అయిదేళ్ళు దేశానికి ప్రధాని. 2024లో ఆయనకు భారతరత్న ప్రకటించారు.

పక్కనే మరో గుండె రోగి

ఇంకో విశేషం చూడండి. 1991లో పి.వి. గారి పక్కన నిలబడి బడ్జెట్టు తయారుచేసిన మన్మోహన్ సింగ్ కూడా బైపాస్ చేయించుకున్న మనిషే. ఆయనకూ 1990లోనే, ఇంగ్లండులో ఆ ఆపరేషన్ అయింది. అంటే దేశం అంత కష్టంలో ఉన్నప్పుడు ఆ బండిని లాగిన ఇద్దరి గుండెలకూ కుట్లు ఉన్నాయి.

మన్మోహన్ సింగ్ 2004లో ప్రధాని అయ్యారు. 2009 జనవరిలో, 76 ఏళ్ళ వయసులో, ఎయిమ్స్‌లో మళ్ళీ బైపాస్ చేయించుకున్నారు. ఆ రోజుల్లో కొంత బాధ్యతను సహచర మంత్రి ప్రణబ్ ముఖర్జీకి అప్పగించారు. కోలుకున్నాక తిరిగి తన పనిలో చేరారు. అదే ఏడాది మే 22న రెండోసారి ప్రధానిగా ప్రమాణం చేసి 2014 వరకు కొనసాగారు. 2024 డిసెంబర్ 26న 92 ఏళ్ళ వయసులో మరణించారు. మొదటి బైపాస్ తర్వాత 34 ఏళ్ళు బతికారు.

అప్పగించడం, కోలుకోవడం, తిరిగి తీసుకోవడం. ఈ మూడు మాటలు మీ ఇంటికి కూడా పనికివస్తాయి. చాలా ఇళ్ళలో మొదటిది జరుగుతుంది, రెండోది జరుగుతుంది, మూడోది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మందు లేని కాలంలో ఒక రాజు

"వాళ్ళు పెద్దవాళ్ళు, పెద్ద డాక్టర్లు ఉన్నారు, మనకెట్లా కుదురుతుంది" అని మీరు అనుకోవచ్చు. అందుకే ఏ మందూ దొరకని ఒక మనిషి సంగతి కూడా చెప్పుకుందాం.

ఎనిమిది వందల ఏళ్ళ కిందట, క్రూసేడు యుద్ధాల కాలంలో, యెరూషలేమును నాలుగవ బాల్డ్విన్ అనే రాజు పాలించాడు. చిన్నప్పుడు తోటి పిల్లలతో ఆడుకుంటూ చేతుల మీద గోళ్ళతో గిచ్చుకునేవారు. మిగతా పిల్లలు ఏడ్చేవారు, ఈ బాలుడు మాత్రం ఏడ్చేవాడు కాదు. ఓర్పుగల పిల్లవాడని ఆయన గురువు విలియం మొదట అనుకున్నాడు. తర్వాత పరీక్షగా చూస్తే ఆ చేతికి స్పర్శే లేదని తెలిసింది. అది కుష్ఠువ్యాధి.

1174లో, 13 ఏళ్ళ వయసులో, ఆయన రాజయ్యాడు. కళ్ళెం లాగకుండా మోకాళ్ళతోనే గుర్రాన్ని నడపడం నేర్చుకున్నాడు. రానురాను చేతులు, కాళ్ళు పనిచేయలేదు, చూపు పోయింది. 1183లో కెరక్ కోటను శత్రువులు ముట్టడిస్తే, నడవలేని ఆ రాజును మేనా మీద మోసుకుంటూ సైన్యం బయలుదేరింది. 1185లో, పాతికేళ్ళు నిండకుండానే చనిపోయాడు.

ఆ కాలంలో ఆ జబ్బుకు మందు లేదు. ఆ రాజుకు ఉన్నవి రెండే. బాధ్యత వదలకూడదన్న పట్టుదల ఒకటి. గుర్రమెక్కడం నేర్పినవాళ్ళు, మేనా మోసినవాళ్ళు, ఆయన లేవలేనప్పుడు పాలన చూసినవాళ్ళు మరొకటి. ఈరోజు కుష్ఠుకు పూర్తిగా నయం చేసే మందులు ఉచితంగా దొరుకుతున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచుకోకుండా చూపించండి. గుండెకూ మందులున్నాయి, ఆపరేషన్ ఉంది. ఆ రాజుకు లేని మందు మన దగ్గర ఉంది. ఆయన చుట్టూ ఉన్నలాంటి మనుషులు మీ రోగి చుట్టూ ఉన్నారా? అది మీరు చెప్పాలి.

ఇంట్లో ఏం చేయాలి?

మొదటి 6 వారాలు: అప్పగించే కాలం

ఈ రోజుల్లో బరువు మీరు మోయాలి.

• 4, 5 కిలోలకు మించి బరువు ఎత్తనివ్వకండి. నీళ్ళ బిందె, బియ్యం సంచి, చంటిపిల్లవాడు, ఏదైనా సరే. మంచం మీద నుంచి లేపేటప్పుడు చేతులు పట్టి లాగకండి. పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, మెల్లగా లేవమనండి.

• దగ్గు వస్తే చిన్న దిండును ఛాతీకి హత్తుకుని దగ్గమనండి. నొప్పి తగ్గుతుంది, ఎముక కదలదు.

• మోటారు సైకిల్, ట్రాక్టరు నడపకూడదు. బండి వెనక కూర్చోవడం కూడా వద్దు. మన రోడ్ల గుంతలు కొత్తగా అతుకుతున్న ఎముకకు మంచివి కావు.

• మంచానికే అతుక్కుపోనివ్వకండి. మొదటి వారం ఇంటి ముందు 5 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు నడిపించండి. రోజురోజుకు కొంచెం పెంచండి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదే. ఆయాసంతో మాట రాకపోతే ఎక్కువైనట్టు. ఎండాకాలంలో పొద్దున్నే, లేదా పొద్దుగూకాక నడిపించండి. మన వైపు ఎండల సంగతి మీకు తెలుసు.

• కూర్చున్నప్పుడు గాటు ఉన్న కాలిని ఎత్తు మీద పెట్టించండి. వాపు తగ్గుతుంది.

• చూడటానికి వచ్చేవాళ్ళను తగ్గించండి. వచ్చినవాళ్ళు పది నిమిషాలు కూర్చుని వెళ్ళేలా చూడండి. గుండెపోటుతో పోయినవాళ్ళ కథలు చెప్పేవారిని వాకిట్లోనే ఆపండి.

6 వారాల నుంచి 3 నెలలు: కోలుకునే కాలం

డాక్టరుగారు పరీక్షించి సరే అన్నాక తేలిక పనులు మొదలుపెట్టవచ్చు. దుకాణంలో కూర్చోవడం, లెక్కలు చూడటం, పొలం గట్టుదాకా నడిచి వెళ్ళి రావడం వంటివి. రోజుకు అరగంట నడక అలవాటు కావాలి. కూర్చుని చేసే ఉద్యోగాలు చాలామంది ఈ సమయంలోనే తిరిగి మొదలుపెడతారు.

3 నెలల తర్వాత: తిరిగి తీసుకునే కాలం

నాగలి పట్టడం, మూటలు మోయడం, బొగ్గు బావిలో పని వంటి కష్టమైన పనులకు ముందు డాక్టరుగారిని తప్పక అడగండి. గుండె ఎంత బలంగా పంపు చేస్తోందో 'ఎకో' పరీక్షలో తెలుస్తుంది. అందరి గుండె ఒకేలా ఉండదు. కొందరు పాత పని పూర్తిగా చేయగలరు. కొందరు మార్చుకోవాలి. పని మార్చుకోవడం తప్పు కాదు. ఎడ్లు తోలలేకపోయినా ఏ చేనుకు ఏ విత్తనం వేయాలో చెప్పగల మనిషి ఇంకా రైతే.

తిండి, పొగ, మాత్రలు

మొత్తం ఇంటి వంటలో ఉప్పు తగ్గించండి. ఒక మనిషికి రోజంతటికీ ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. అందులో తొక్కు, పాపడాలు, మిరపకాయ బజ్జీల్లోని ఉప్పు కూడా లెక్కే. జొన్నరొట్టె, మక్కగట్క, ఆకుకూరలు, పప్పు మంచివి. డాల్డా, మళ్ళీ మళ్ళీ కాచిన నూనె వద్దు. రోగికి వేరుగా చప్పటి కూర వండి, మిగతావాళ్ళు ఎదురుగా కూర్చుని ఘాటుగా తింటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఒకే కూర తినండి. అది మీ గుండెలకు కూడా మంచిదే.

బీడీ, సిగరెట్, గుట్కా పూర్తిగా మానాలి. "రోజుకు రెండే" అనేది లేదు. ఇంట్లో వేరేవాళ్ళు తాగినా ఆ పొగ ఆయనకు తగులుతుంది.

మాత్రలు రక్తం గడ్డకట్టకుండా, కొలెస్టరాల్ పెరగకుండా, గుండె మీద భారం పడకుండా కాపాడుతాయి. వీటిలో చాలావరకు జీవితాంతం వాడాలి. "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా" అని ఆపేయడం మేము తరచుగా చూసే తప్పు. బాగుండటానికి కారణం ఆ మాత్రలే. పన్ను పీకించుకోవాలన్నా, వేరే ఆపరేషన్ అన్నా, గుండె డాక్టరును అడగకుండా ఏ మాత్రా ఆపకండి. పండుగలకు, పెళ్ళిళ్ళకు ఊరెళ్ళేటప్పుడు మాత్రల సంచి ముందు సర్దండి.

మనసు సంగతి

ఆపరేషన్ తర్వాత చాలామంది ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, చిన్నదానికే కోప్పడతారు, నిద్ర పట్టదంటారు, పేర్లు మరిచిపోతారు. ఇది పిచ్చి కాదు, పిరికితనం కాదు. కోలుకునే దారిలో ఒక భాగం. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా తిండి మీద, మాట మీద ఆసక్తి లేకపోతే, "నేనెందుకు బతికిన" అని పదేపదే అంటుంటే డాక్టరుకు చెప్పండి. దానికీ వైద్యం ఉంది.

మనసుకు పనికివచ్చే పెద్ద మందు మీ చేతిలోనే ఉంది. ఆయనను అడగండి. "బాపూ, ఈసారి పత్తి పెడదామా, వరి పెడదామా?" "అమ్మా, బిడ్డకు ఈ సంబంధం చూద్దామా?" నిర్ణయాలు దాచడం వల్ల గుండె బాగుపడదు. ఇంట్లో గుసగుసలు వింటూ, తనకు ఏదో చెప్పడం లేదని తెలిసి పడుకున్న మనిషికి ఆందోళనే పెరుగుతుంది. చెడు వార్త అయినా నెమ్మదిగా, కూర్చోబెట్టి, పక్కన ఉండి చెప్పండి. అమ్మలకు ఆపరేషన్ అయిన ఇళ్ళలో దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. ఇంటికి వచ్చిన పదో రోజునే ఆమె పొయ్యి దగ్గర, బిందె దగ్గర కనిపిస్తుంది. ఆమెకూ అవే 6 వారాలు, అవే 3 నెలలు.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ చేసిన గుండె ఎన్నేళ్ళు పనిచేస్తుంది?
వయసు, షుగర్, గుండె బలం, అలవాట్లను బట్టి ఉంటుంది. కాలి రక్తనాళంతో వేసిన దారులు కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ మూసుకుపోవచ్చు. అందుకే బాగున్నా సరే, చెప్పిన తేదీకి పరీక్షకు రావాలి.

భార్యాభర్తలు కలిసి ఉండవచ్చా?
ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడతారు, పడనక్కరలేదు. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే, 6 నుంచి 8 వారాల తర్వాత సాధారణంగా ఇబ్బంది ఉండదు. డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఎవరి పిల్లలకైనా ఈ జబ్బు వస్తుందా?
చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చిన ఇంట్లో పిల్లలకు, తోబుట్టువులకు ప్రమాదం ఎక్కువ. ముప్పై దాటిన కొడుకులు, బిడ్డలు బీ.పీ., షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోండి.

ఇవి కనిపిస్తే ఆగకండి

ఛాతీలో బరువు, పిండినట్టు నొప్పి, అది ఎడమ చేతికి గాని దవడకు గాని పాకడం, చల్లని చెమటలు, పడుకుంటే ఊపిరాడకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం. వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అనుకుని సోడా తాగించి తెల్లవారేదాకా చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కుట్ల దగ్గర చీము, ఎరుపు, జ్వరం, ఛాతీ ఎముక కదిలి టక్కుమని శబ్దం రావడం, పిక్కలో నొప్పి వాపు, రెండు మూడు రోజుల్లోనే బరువు బాగా పెరగడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

చివరిగా

1991 మొదట్లో ఢిల్లీలో ఒక పెద్దమనిషి పుస్తకాలు పెట్టెల్లో సర్దుకుంటుంటే, ఆయన జీవితంలో అసలు పని ఇంకా మొదలే కాలేదని ఎవరూ అనుకోలేదు. మీ బాపు ప్రధానమంత్రి కానక్కరలేదు. ఆయనకు ఏలవలసిన రాజ్యం వేరే ఉంది. ఆ నాలుగు ఎకరాలు, ఆ దుకాణం, ఆ ఇల్లు, మనుమల చదువు. మూడు నెలలు ఆ బరువు మీరు మోయండి. మాత్రలు వేళకు ఇవ్వండి. డాక్టరు సరే అన్నాక దుకాణం తాళాలు తీసుకెళ్ళి మళ్ళీ ఆయన చేతిలో పెట్టండి.